నారింజ రంగు వైరు

కిశోర్,

సంచి సర్దుతూ రాస్తున్నాను. బంటింగ్‌లో కూర్మమ్మ పిన్నికి జ్వరం తగ్గలేదు. నాలుగు రోజుల్లో వస్తాను.

వాకిట్లో నాచుని నీళ్లు చిమ్మే కరెంటు మిషనుతో కడుగుతానన్నావు. నేను వచ్చేదాకా ఆగమంటే ఆగవు. హాల్లోని సన్న ఎక్స్‌టెన్షన్ వైరు మాత్రం బయటికి లాగకు. మంచం కింద నారింజ రంగు వైరు చుట్ట ఉంది. క్లాంగ్‌లో కొన్నాను. దళసరి రబ్బరుది, బయట వాడేది. అట్ట మీద మలాయ్ మాటలు కూడబలుక్కుని చదివాకే తీసుకున్నాను. చుట్ట మొత్తం విప్పాకే స్విచ్ వెయ్యి, లేకపోతే వేడెక్కుతుంది. దానికి ఇంకో వైరు అతికించకు. ప్లగ్గు తడి నేల మీద పెట్టకు.

మొన్న చెబితే "నీకేటి తెలుసు లా అమ్మా" అని, ఇక్కడి మలేషియా వాళ్ల 'లా' తగిలించి నవ్వావు. ఈ ఒక్కటీ తెలుసు. చెప్పడం తప్ప నా చేతిలో ఏమీ లేదు.

అన్నం కుక్కర్లో ఉంది.

మీ నాన్నకి గుండె ఆగిందని చెప్పాను. ఎందుకు ఆగిందో చెప్పలేదు. రామభజన పందిట్లో లైట్లు పెట్టాలని ఇంట్లో వాడే సన్న వైరు పట్టుకుని వానలో వెళ్లాడు. "అయిదు నిమిషాల్లో వచ్చెత్తాను లా" అన్నాడు. 1997, శ్రీరామనవమి ముందు రోజు. తిరిగి రాలేదు.