టేబుల్ మీది తడి

సిద్దిపేట,
సోమవారం.

తనిఖీ అధికారి గారికి,

మీ మెమో అందింది. పదార్థ ధర్మాల పాఠానికి నేను బోధనోపకరణాలేవీ సిద్ధం చేయలేదని రాశారు. సంజాయిషీలు రాయడం చేతికి అలవాటైపోయింది కాబట్టి ఇదీ రాస్తున్నాను.

ఆ రోజు ఐసుగడ్డ ఉంది సార్. బస్టాండు దగ్గర చెరుకురసం బండి నడిపే హనీఫ్ గారి బిడ్డ అర్షీన్, దాన్ని గోనెసంచిలో చుట్టి పొద్దున్నే మోసుకొచ్చింది. టేబుల్ మీద గిన్నెలో పెట్టాం. మీరు వచ్చేదాకా పాఠం మొదలుపెట్టొద్దని హెడ్మాస్టరు గారి మాట. మీరు భోజనాల తర్వాత వచ్చారు. అప్పటిదాకా పిల్లలూ నేనూ దాన్నే చూస్తూ కూర్చున్నాం. "గడ్డ కరిగిపోతున్నది టీచర్, పాఠం జెప్పుండ్రి" అని అర్షీన్ బతిమాలింది. ఆగమన్నాను.

మీరు గిన్నెలోకి చూసి, "ఏందిది, ఉత్త నీళ్లా?" అన్నారు.

"నేను ఐసుగడ్డ తెచ్చిన సార్. అదే కరిగింది" అంది అర్షీన్.

"పిల్లలకు అబద్ధాలు గూడా నేర్పుతున్రా టీచర్?" అని మీరు నవ్వారు. మీతోపాటు క్లాసంతా నవ్వింది.

మర్నాడు పాఠం చెప్పాను. కరగడం భౌతిక మార్పు, రూపం మారినా పదార్థం అదే, ఆ నీళ్లు గడ్డకడితే మళ్లీ ఐసే అన్నాను. అందరూ తలూపారు. అర్షీన్ తలెత్తలేదు. అప్పట్నుంచి ఏమడిగినా "నాకు తెల్వది టీచర్" అంటోంది.

మెమోను అలాగే ఉండనివ్వండి. మీరు మాత్రం ఇంకొక్కసారి వచ్చి, గిన్నెలో ఏముందని ఆ పిల్లను అడగండి. ఈసారి ఐసు నేనే మోసుకొస్తాను. కరగకముందే రండి.

మీ మెమో అందుకున్న
సైన్సు టీచర్