లామ్ గారి తమ్ముడి రాయి

శాంటా క్లారా,
ఏప్రిల్ 14, 2015

శ్రీయుత రాజారావు గారికి,
అధ్యక్షులు, మన కాలనీ హోమ్‌ఓనర్స్ అసోసియేషన్

అయ్యా,

విషయం: లామ్ గారి ముందు యార్డ్‌లోని రాయిని ఈ నెలాఖరులోగా తీసేయాలని తమరు పంపిన నోటీసు రద్దు చేయుట గురించి.

రిటైర్డ్ డాక్టర్ ఆండాళ్ అను నేను తమ సముఖమునకు విన్నవించుకొనునది ఏమనగా: ఇంగ్లీషులో రాస్తే తమరు చదవకుండా లాయర్‌కి ఫార్వర్డ్ చేస్తారు. తెలుగులో రాస్తే చచ్చినట్టు మీరే చదవాలి.

1. సదరు లామ్ గారు నా పక్కింటాయన. ఒకప్పుడు దక్షిణ వియత్నాం సైన్యంలో పనిచేశారు. 1975 ఏప్రిల్ 30న ఆ దేశం ఓడిపోయింది, మ్యాప్‌లో కూడా లేకుండా పోయింది. ఆయన తమ్ముడు ఆ యుద్ధంలోనే పోయాడు. అతన్ని పాతిపెట్టిన చోట ఇప్పుడు పిచ్చిచెట్లు మొలిచాయట, సమాధి ఏదో ఆనవాలు కూడా లేదట. అందుకని ఆయన మోకాలెత్తు నల్లరాయి మీద తమ్ముడి పేరు, అతనితో పోయినవాళ్ల పేర్లు చెక్కించి ఇంటి ముందు నిలబెట్టుకున్నారు. రోజూ ఊదొత్తులు వెలిగిస్తారు, నారింజపళ్లు పెడతారు.

2. మొన్న ఉగాదికి తమరు కొత్త కారు కొన్నారు. ఊదొత్తులు చూసి అదేదో దేవుడి రాయి అనుకుని కారు తెచ్చి దాని ఎదుటే ఆపారు. మీ ఆవిడ పద్మజ రాయికి పసుపు రాసి, మూడు వేళ్లతో కుంకుమ అడ్డంగా పూసింది. తమరు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, వంగి దండం పెట్టారు. నా కిచెన్ కిటికీలోంచి అంతా చూశాను.

3. ఆ పేర్లు చచ్చిపోయినవాళ్లవని తెలిసిన రోజే మీ ఇంటిల్లిపాదీ తలస్నానాలు చేశారు. మర్నాడు నోటీసు వచ్చింది. అందులో మైల అన్న మాట లేదు, ‘అనుమతి లేని నిర్మాణం’ అని ఉంది. మీ లాన్‌లో కూర్చున్న సిమెంటు కప్పలకు ఎవరిచ్చారండీ అనుమతి?

4. అడుగుదామని మీ ఇంటికి వస్తే తమరన్న మాట: “ఆంటీ, డోంట్ టేక్ ఇట్ పర్సనల్లీ. ఓడిపోయిన కంట్రీకి మెమోరియల్ ఏంటి? రేపు ఇళ్లు సేల్‌కి పెడితే బయ్యర్స్ భయపడరా?”

అప్పుడు ఒళ్లు మండి వెనక్కి వచ్చేశాను. ఇప్పుడు చెబుతున్నాను. గెలిచినవాళ్ల పేర్లు ప్రభుత్వాలు చెక్కిస్తాయి. ఓడినవాళ్ల పేర్లు ఇంటివాళ్లే చెక్కించుకోవాలి. ఆ మాత్రానికి కూడా తమ అనుమతి కావాలంటే, ఆ రూలు నేను ఒప్పుకోను.

5. కావున నోటీసు వెనక్కి తీసుకోవలెను. అలా కాక రాయి పీకడానికి మనుషుల్ని పంపిస్తే, దాని పక్కన నేల మీద నేను కూర్చుని ఉంటాను. నావి రెండూ మార్పించుకున్న మోకాళ్లు. ఒకసారి కూర్చుంటే ఎవరో ఒకరు ఎత్తితే గానీ లేవలేను. ఆ ఎత్తే పని తమరే స్వయంగా చేయవలసి ఉంటుంది.

పై సంగతులన్నీ చిత్తగించి, మనసు మార్చుకుంటారని నమ్ముతూ,

తమ విధేయురాలు
(ఈ ఒక్క విషయంలో తప్ప)
ఆండాళ్

తా.క.: రాజారావూ, నోటీసు లామ్ గారికి నేనే చదివి వినిపించాను. ఆయన నవ్వేశారు. “డాక్టర్, ఇది ప్రెసిడెంట్‌కి తెలియకుండా ఎవరో పంపించారు. ఆయన నా తమ్ముడికి దండం పెట్టారు. వాళ్లావిడ మా జెండా వేశారు” అన్నారు.

ఏం జెండా అని అడిగితే లోపలికి వెళ్లి తెచ్చి చూపించారు. పసుపు గుడ్డ మీద మూడు ఎర్ర గీతలు. “మావాళ్లు కాని మనిషి నా తమ్ముడి ముందు తల వంచడం ఈ నలభై ఏళ్లలో అదే మొదటిసారి” అని ఏడ్చారు. పద్మజ పూసిన పసుపు కరిగిపోకుండా ఆ వైపు స్ప్రింక్లర్ కూడా ఆపేసుకున్నారు.

కారు సంగతి నేను చెప్పలేదు, చెప్పను కూడా.

ముప్పయ్యో తారీఖున ఆయనతో పనిచేసిన పాత సైనికులు వస్తున్నారు. మొదటి పూలు ప్రెసిడెంట్ గారే పెడతారని అందరికీ చెప్పేసుకున్నారు. పద్మజని కూడా తీసుకురా. మూడిళ్ల అవతలే కదా, కారు వద్దు, నడిచి రండి.