పిండిమర బెల్టు అతుకు

నా ఎడమ చెవి పగలగొట్టినవాళ్ళను, నాకు ఎడమ చెవి వినపడదు గనుక నా సాక్ష్యం నమ్మలేమని చెప్పి విడిచిపెట్టారు. అప్పీలు కోర్టు తీర్పు, ఇరవై మూడో పేరా. ఆ రోజు మీరు కోర్టులోనే ఉన్నారు. లేచి ఒక్క మాట అనలేదు.

ప్రభుత్వ న్యాయవాది గారికి,

విషయం: డబ్బు కోసం మనిషిని ఎత్తుకుపోయిన కేసులో ముద్దాయిలిద్దరినీ విడుదల చేసిన తీర్పుపై, గడువు దాటకముందే పై కోర్టుకు వెళ్ళవలసినదిగా ఒకటో సాక్షి కోరుట.

ఆ ఒకటో సాక్షిని నేనే. ఎత్తుకుపోయింది నన్నే. మోటార్లు, బెల్టులు బాగుచేసే షాపులో పనివాణ్ణి. ఏడో తరగతితో బడి మానేశాను. నలభై ఒక్క పేజీల తీర్పు నకలు తెచ్చుకుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. అర్థంకాని మాటలు చాలా ఉన్నాయి. అర్థమైనవే ఒళ్ళు మండించాయి. కాబట్టి ఈ దిగువ సంగతులు తమ దృష్టికి తెస్తున్నాను.

1. మూడేళ్ళ కిందట, వాన పడుతుంటే, మా యజమాని కొడుకు రెయిన్‌కోటు తొడుక్కుని అతని స్కూటరు మీద సామాను ఇవ్వడానికి బయల్దేరాను. దారిలో వ్యానులోకి లాగి కళ్ళకు గంతలు కట్టారు. కోటునూ బండినీ చూసి నన్ను యజమాని కొడుకనుకున్నారు. కాదని తెలిస్తే ఏం చేస్తారోనని నేనూ నోరు మెదపలేదు. మూడు రోజులు ఆగి అడిగితే భయం ముదిరి అడిగినంతా ఇస్తారని వాళ్ళ ఎత్తు. ఆ మూడు రోజుల్లో మా యజమాని, నేను స్కూటరు ఎత్తుకుపోయానని స్టేషన్లో రాసిచ్చాడు.

నాలుగో రోజు నా ఎదురుగానే మా యజమానికి ఫోను చేసి స్పీకరులో పెట్టారు. ఆయన జవాబు నా రెండు చెవులతో విన్నాను. "మావాడు నా ముందు కూర్చుని భోంచేస్తున్నాడయ్యా. మీ దగ్గరున్నది మా పనివాడు. ముందు నా బండెక్కడుందో చెప్పండి!"

రెండు చెవులతో నేను విన్న ఆఖరి మాటలు అవే. "నీకెవడిస్తాడ్రా?" అంటూ తూకం రాయితో కొట్టారు. తర్వాత డబ్బు కోసం మా అక్కకు ఫోను చేశారు. బట్టలు కుట్టే కంపెనీలో పని అక్కది. ఉన్నదంతా ఊడ్చి, చెప్పినచోట రోడ్డు పక్క పైపులో పెట్టి వచ్చింది. తొమ్మిదో రోజు నన్ను బైపాసు రోడ్డు మీద పారేశారు.

2. ముఖాలు చూడలేదు. ఆ మాట కోర్టులో నేనే చెప్పాను. కానీ గోడ అవతల రోజూ పొద్దున ఒక పిండిమర తిరిగేది. "టక్, టటక్... టక్, టటక్." ఆ చప్పుడు నా చేతిదే. అంతకు ఆరు నెలల ముందు ఆ మరలో పనిచేసే ముసలాయన మా షాపులో ఇచ్చి వెళ్ళిన బెల్టుకు అతుకు వేసింది నేను. ఆ మర ఎక్కడుందో మాత్రం నాకు తెలియదు. మాసిక ఒక కొన లేచింది. మా షాపు చక్రం మీద తిప్పి చూస్తే అదే టటక్. "కుట్టు కుదర్లేదురా వెధవా" అని యజమాని తిట్టి, అలాగే ఇచ్చేశాడు. ఎస్సై గారు గంతలు కట్టి నాలుగు మరల దగ్గరికి తీసుకెళ్తే, మూడోదాని దగ్గర ఇదేనని చెప్పాను. ఆ మర నడిపేవాడే మొదటి ముద్దాయి. రెండోవాడు వాడి బావమరిది.

వాళ్ళ వకీలు నవ్వాడు. "అంటే నీకు పని రాదన్నమాట!" అవునండీ, ఆ రోజు రాలేదు. వచ్చుంటే ఆ గది ఎప్పటికీ దొరికేది కాదు.

కింది కోర్టు నమ్మింది, యావజ్జీవం వేసింది. అప్పీలు కోర్టు మాత్రం పిండిమరలన్నీ ఒకేలా మోగుతాయని రాసింది. బెల్టుకు అతుకు ఉన్నట్టు రికార్డులో లేదని కూడా రాసింది. పోలీసులు పంచనామాలో "పాత బెల్టు ఒకటి" అని ముగించారు. దాన్ని స్వాధీనం చేసుకోలేదు. మరకు తాళం వేసి చేతులు దులుపుకున్నారు.

3. చెవి సంగతి పైన రాశాను. డాక్టరు సర్టిఫికెట్టు కోర్టు కాగితాల్లో తొమ్మిదోది. దెబ్బ తేదీ అందులో ఉంది. అంతకు ముందు మూడు రోజులు ఆ చప్పుడు రెండు చెవులతోనూ విన్నాను. మరల దగ్గర ఎస్సై గారు పరీక్ష పెట్టినప్పుడు కుడి చెవి నిక్షేపంగా ఉంది, ఇప్పటికీ ఉంది. వేళ్ళ మీద లెక్కపెట్టగలిగే విషయం. ఎవరూ లెక్కపెట్టలేదు.

4. మీ ఆఫీసుకు నాలుగుసార్లు వచ్చాను. మీ గుమాస్తా గారు తల ఎత్తకుండానే "మళ్ళీ వచ్చావా బాబూ? ఫైలు పైకెళ్ళింది, అభిప్రాయం రావాలి" అన్నారు. గడువు తొంభై రోజులే కదండీ అంటే, "బతికి బయటపడ్డావుగా, ఇంకేం కావాలి నీకు?" అన్నారు. ఏం కావాలో ఈ అర్జీలో రాస్తున్నాను.

5. మర మళ్ళీ తెరిచారు. అది మా అక్క పనికి వెళ్ళే దారి. మొదటి ముద్దాయి గుమ్మంలో కుర్చీ వేసుకుని, "అక్కా, మీ తమ్ముడి చెవెలా ఉంది?" అని అడుగుతాడు. కోర్టు కూడా నమ్మని చెవి గురించి వాడికెందుకు అంత బెంగ? అక్క ఇప్పుడు చుట్టుదారిన వెళ్తోంది. వద్దురా, వదిలెయ్ అంటోంది. నేను వదలను.

తీర్పు వచ్చి నేటికి డెబ్బై ఆరు రోజులు. పద్నాలుగు మిగిలాయి. ఆలోగా పై కోర్టులో అప్పీలు వేయవలసినదిగా కోరడమైనది. చిత్తగించే తీరిక లేకపోతే ఇరవై మూడో పేరా ఒక్కటైనా చదవవలెను.

ఇట్లు,
బెల్టులు కుట్టే ఒకటో సాక్షి
(విధేయుడినని రాయడానికి చెయ్యి రాలేదు)

తా.క. పైదంతా నిన్న రాశాను. ఇవాళ పొద్దున మొదటి ముద్దాయి మా షాపుకు వచ్చాడు. నా ఎడమ పక్కన నిలబడి ఏదో అన్నాడట, నాకు వినపడలేదు. యజమాని భుజం తట్టాక తిరిగి చూశాను. వాడి భుజం మీద ఆ బెల్టు. మూడేళ్ళు తాళం వెనక ఎండిపోయి, మర తెరవగానే తెగిందట. నా మాసిక మాత్రం అలాగే ఉంది. ఏడు కుట్లు, ఒక కొన లేచి.

"అన్నా, మీవాడి చేత్తోనే కుట్టించు. ఈసారి చప్పుడు రాకూడదు" అని యజమానితో చెప్పి, నా వైపు చూసి నవ్వి వెళ్ళాడు.

"పాత గొడవలు వద్దురా. పని పనే. ఆ మాసిక పీకేసి కొత్తది వెయ్యి. గురువారం సాయంత్రం వస్తాడు" అన్నాడు యజమాని. కుట్టకపోతే మానెయ్యమన్నాడు. ఒంటి చెవివాణ్ణి ఇంకో షాపులో పెట్టుకోరు.

రికార్డులో లేదన్న అతుకు ఇప్పుడు నా తల మీద మేకుకు వేలాడుతోంది. దాన్ని నేను దాచకూడదు. దాస్తే దొంగ సాక్ష్యం పుట్టించానంటారు. నా పని నేను సరిగ్గా చేస్తే సాక్ష్యమే ఉండదు. మీ పని మీరు చేయండి. గురువారం మధ్యాహ్నం నాలుగు గంటల లోపల, కాగితంతో, పంచనామా సాక్షులతో మనిషిని పంపి ఈ బెల్టును స్వాధీనం చేసుకోండి. అప్పీలు వేస్తారో లేదో అదే మనిషి చేతికి రాతమూలకంగా ఇచ్చి పంపండి. నాలుగు దాటితే నేను సూది అందుకోవాలి.