పుస్తకానికి మట్టి వేసిన రోజు

ఫార్మింగ్టన్ హిల్స్,
5 నవంబర్ 2025

ప్రభువునందు ప్రియమైన మరిది దేవకుమార్‌కు వదిన దీనమ్మ వందనాలు.

దేవుని దయవల్ల మేమంతా క్షేమం. మీ చాండ్లర్‌లో ఇంకా ఎండలేనా? నీ బీపీ ఎలా ఉంది? జోసఫిన్ పెళ్ళి పనుల్లో పడి మాత్రలు మానేస్తున్నావేమోనని నాకు ఒకటే దిగులు. ఇక్కడ పొద్దున్నే మెట్ల మీద సన్నగా మంచు పడుతోంది. కోడలు ప్రణీత కారు తీస్తే చాలు, తిరిగొచ్చేదాకా నా ప్రాణం కుదుటపడదు.

నువ్వు ఫోన్‌లో అడిగినదానికి ఫోన్‌లో జవాబు చెప్పలేకపోయాను. పెళ్ళిలో నీ కూతురు చెయ్యి పెట్టి ప్రమాణం చెయ్యడానికి, పోయిన మీ అన్నయ్య బైబిలు తెమ్మన్నావు. నాయనా, అది లేదు. బేస్‌మెంట్‌లో పైపు కారి తడిసి ముద్దయిపోయింది. నలభై ఏళ్ళు ఆయన అంచుల్లో పెన్నుతో రాసుకున్నదంతా నీలి మరక.

ఆ రోజు ఇంట్లో ఎవరూ లేరు. దాన్ని తువ్వాల్లో చుట్టుకుని, ఏం చెయ్యాలో తోచక పక్కింటి లేవిన్ గారి తలుపు కొట్టాను. వాళ్ళు యూదులు. ఆయనకు తొంభై ఏళ్ళు. వాళ్ళ ధర్మశాస్త్రం మీద పెద్దలు రాసిన వ్యాఖ్యానం రోజుకొక పేజీ చదువుతారు. మొత్తం అవ్వడానికి ఏడున్నరేళ్ళట. ఎనభై అయిదో ఏట మొదలుపెట్టారు! అప్పుడూ పేజీ మధ్యలోనే ఉన్నారు. నన్ను చూసి పుస్తకం మూసి లేచారు. మీరు చదువుకోండి, తర్వాత వస్తానని నా వచ్చీరాని ఇంగ్లీషులో అన్నాను. పేజీ ఎక్కడికీ పోదు, మీరు ఏడుస్తున్నారు, ముందు కూర్చోండి అన్నారు.

సాయంత్రం ప్రణీత వచ్చాక లేవిన్ గారు వివరంగా చెప్పారు. దేవుని పేరున్న పుస్తకం పాడైతే వాళ్ళు చెత్తలో వెయ్యరట. మనిషిని పెట్టినట్టు సమాధుల తోటలో పెడతారట. ఈ ఆదివారమే ఆ కార్యక్రమం ఉంది, కీర్తనలు మావీ మీవీ కాబట్టి ఆ కాగితాలు తీసుకురామ్మా, మిగతాది మీ పద్ధతిలో మీరు చూసుకోండి అన్నారు. ఖచ్చితమైన మనిషి.

చర్చి అయ్యాక వెళ్ళాం. ఏం చెప్పను నాయనా! పెద్ద గొయ్యి. చుట్టూ ముసలివాళ్ళు, పిల్లలు. అట్టలు ఊడినవి, పిల్లలు చింపినవి, ఎవరి తాతవో చేతి చెమటకు నల్లబడ్డవి, అన్నిటినీ చంటిబిడ్డల్లా ఒకరి చేతి నుంచి ఒకరు అందుకుంటూ దింపారు. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. లేవిన్ గారు వాకర్ వదిలేసి, పార తిరగేసి, దాని వీపుతో మొదటి మట్టి వేశారు. వదిలించుకోవాలనే తొందర లేదని చూపడానికి అలా వేస్తారట. నేనూ పిడికెడు వేశాను.

ఇంత చదువూ మట్టిపాలేనా అని ప్రణీతతో అడిగించాను. మట్టిలోకి కాగితమే వెళ్తుంది, చదివింది చదివినవాడి వెంట వెళ్తుంది అన్నారు. పోయేటప్పుడు ఇల్లూ కారూ వెంట రావట. నేర్చుకున్నదీ, ఒకరికి చేసిన మేలూ, అవే వస్తాయట. మరి మీ పేజీలు పూర్తికాకుండానే పిలుపొస్తే? నా నోరు ఆగదుగా! ప్రణీత నా చెయ్యి గిల్లింది. ఆయన నవ్వి, ఆ పేజీకి గుర్తు పెట్టుకుని వెళ్తాను, అక్కడ మంచి మాస్టార్లున్నారు అన్నారు.

తిరిగొస్తుంటే కారులో నా నోట ఒక కీర్తన వచ్చింది. దాని వెనకే ఇంకోటి. ఇల్లు చేరేదాకా ఆగలేదు. మూడో తరగతి దాటని నాకు, రోజూ మీ అన్నయ్య చదివి వినిపించినవే అవన్నీ! నువ్వు సరేనంటే పెళ్ళిలో ఆ పుస్తకం బదులు నేను నిలబడి ఒకటి చెబుతాను. మధ్యలో మరిచిపోతానేమోనని ఇప్పటినుంచే భయం. వద్దంటే వద్దని చెప్పెయ్యి. మిగతా బైబిలు అట్టపెట్టెలో ఉంది. నువ్వొచ్చాక మీ అన్నయ్య సమాధి పక్కన ఇద్దరం పెడదాం.

మాత్రలు వేసుకో.

నీ మేలు కోరే వదిన,
దీనమ్మ

తా.క.: పైపు కారలేదు నాయనా. ఆయన పోయినప్పటి నుంచి ఆ బైబిలు దిండు గలీబులో పెట్టుకుంటేగాని నాకు నిద్ర పట్టడం లేదు. ఆ పొద్దున చూసుకోకుండా గలీబు వాషింగ్ మెషీన్‌లో వేసింది నేనే. ఇంట్లోవాళ్ళకీ, లేవిన్ గారికీ పైపనే చెప్పాను. గొయ్యి దగ్గర ఆయన మన కాగితాలు అందుకుని, వాళ్ళ అలవాటు ప్రకారం ముద్దు పెట్టుకోబోయి ఆగారు. సబ్బు వాసన గుప్పుమంటోంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయన నా వంక చూసి, మీ పైపులో నీళ్ళు చాలా శుభ్రమమ్మా అని, ముద్దు పెట్టుకుని, అన్నిటికన్నా పైన పెట్టారు.