వెర్నా గారి పేరు మీద 412 ఉత్తరాలు

జూన్ 3

పెట్రెల్ దీవి పడవ కమిటీ కార్యదర్శి వెర్నా పైబస్ గారికి,
ఇవతలి ఒడ్డు కౌన్సిల్ ఆఫీసులో కంప్యూటర్లు చూసే ఫెర్గస్ లోవీ రాసేది.

చలికాలమంతా మీ దీవికి పడవ ఆపేస్తామని రవాణా శాఖవాళ్లు అంటున్నారు కదా. 27న జరిగే విచారణలోపు కనీసం వందమంది అభిప్రాయాలు కావాలి. మీరు అడిగినట్టే ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. జాబితాలో ఉన్న 412 ఇళ్లకూ పేరుపేరునా అభిప్రాయం అడుగుతూ మెయిల్ పంపుతుంది.

చిక్కల్లా ఒక్కటే. ప్రోగ్రాం నడిచేది నా ఖాతాతో. పంపినవారి పేరు మాత్రం కమిటీ ఉమ్మడి మెయిల్‌పెట్టెది ఉండాలి. నిన్న ప్రయత్నిస్తే సర్వర్ ‘ఈ పేరుతో పంపే హక్కు నీకు లేదు’ అంటూ 412 సార్లు నా మొహాన తలుపేసింది. దయచేసి అనుమతి ఇప్పించండి.

మీ అనుమతి కోసం కాచుకున్న,
ఫెర్గస్

తా.క.: నా పేరుతోనే పంపేద్దామా అనుకున్నాను. కిందటేడు చెత్తబండి వేళలు మారాయని నా పేరుతో పంపితే చదివింది ఒక్కరే, మా అమ్మ. ఆవిడ ఉండేది వేరే ఊళ్లో.

జూన్ 5

నాయనా ఫెర్గస్,

అనుమతి అడిగి పద్ధతైన పని చేశావు. ఈ రోజుల్లో ఎవరు అడుగుతున్నారు! నిన్న కమిటీని అత్యవసరంగా సమావేశపరిచాను. రెండు గంటల చర్చ, రెండు పళ్లేల స్కోన్ బన్నులు. ‘ఫెర్గస్ లోవీ అను వ్యక్తి కమిటీ పేరుతో ఉత్తరాలు పంపుకొనవచ్చును’ అని నాలుగు ఓట్లతో తీర్మానించాం. వ్యతిరేకించింది నెవ్ బరిడ్జ్ ఒక్కడే. వాడు టీ విరామాన్ని కూడా వ్యతిరేకించాడు.

తీర్మానం ఫొటో తీసి పంపుతున్నాను. దాన్ని ఆ సర్వర్ గారికి చూపించు.

కమిటీ తరఫున,
వెర్నా పైబస్

తా.క.: ఆయన ఇంకా తలుపు తీయకపోతే పేరూ ఫోన్ నంబరూ ఇవ్వు, నేను మాట్లాడతాను.

జూన్ 6

గౌరవనీయులైన వెర్నా గారికి,

తీర్మానం అద్భుతంగా ఉంది. కానీ సర్వర్ మనిషి కాదండీ, యంత్రం. మీరు కమిటీ మెయిల్‌పెట్టె తెరిచి, సెట్టింగుల్లోకి వెళ్లి, ‘ఈ పెట్టె పేరుతో పంపడానికి అనుమతి’ అన్నచోట నా పేరు రాసి, పక్కనున్న గడిలో టిక్కు పెట్టాలి. పని అయ్యాక ఏ చిరునామాతో పంపడానికి అనుమతి ఇచ్చారో నాకు రాయండి. దాన్ని ప్రోగ్రాంలో పెట్టి మీట నొక్కుతాను.

యంత్రం తరఫున క్షమాపణలతో,
ఫెర్గస్

తా.క.: నెవ్ గారి వ్యతిరేకతకు గడి లేదు.

జూన్ 9

నాయనా,

టిక్కు పెట్టాను. మూడు రోజులు పట్టింది, అందులో రెండున్నర రోజులు కళ్లజోడు వెతకడానికే. చిరునామా కింద అతికించాను. ఇక కానివ్వు.

విజయగర్వంతో,
వెర్నా

జూన్ 10

వెర్నా గారికి శుభవార్త!

ఉదయం పది గంటలకు మీట నొక్కాను. 412కి 412 వెళ్లాయి. ఒక్కటీ తిరిగి రాలేదు. మా ఆఫీసులో చప్పట్లు కొట్టారు. నేను కొట్టమన్నాను.

గాల్లో తేలుతున్న,
ఫెర్గస్

జూన్ 11

ఫెర్గస్!

పొద్దున్నే కంప్యూటర్ తెరిచి చూస్తే నా ‘పంపినవి’లో 412 ఉత్తరాలున్నాయి! నేను రాయలేదు! నిద్రలో రాశానేమోనని మా చెల్లెలికి ఫోన్ చేస్తే, ‘నిద్రలో అన్ని రాసేదానివి మెలకువలో నా పుట్టినరోజుకి ఒక్క కార్డు రాయలేవా?’ అని దెప్పింది. పడవ రేవుకి వెళితే టికెట్ల మనిషి కన్నుగీటి, ‘నిజం చెప్పమన్నావుగా వెర్నా, సాయంత్రం రాస్తా’ అన్నాడు. ఏం నిజం? అసలు నేను ఏం అడిగాను?

వణుకుతూ,
వెర్నా

జూన్ 11, మధ్యాహ్నం

వెర్నా గారూ,

నా తల తీసి మొలేసినా మీ ఇష్టం. మీరు టిక్కు పెట్టింది కమిటీ పెట్టెలో కాదు, మీ సొంత పెట్టెలో. అతికించిందీ మీ సొంత చిరునామానే. నేను చూసుకోకుండా దాన్నే ప్రోగ్రాంలో పెట్టాను. అందుకే అన్నీ ‘వెర్నా పైబస్’ పేరుతో వెళ్లాయి. అందులో ఉన్న మాటలు ఇవి: ‘మీరు చివరిసారి పడవ ఎందుకు ఎక్కారు? అది లేకపోతే ఏం చేస్తారు? నిజం చెప్పండి, విచారణలో చూపాలి.’ కమిటీ మాటగా రాశాను. మీ పేరు కింద చదివితే మరోలా ఉంది.

మీరు సరేనంటే, ఇది పొరపాటని, జవాబు రాయవద్దని అందరికీ వెంటనే ఇంకో మెయిల్ పంపిస్తాను.

తలదించుకుని,
ఫెర్గస్

జూన్ 13

ఫెర్గస్ నాయనా,

పంపావంటే నీ చెయ్యి విరగ్గొడతాను.

ఇప్పటికి 297 జవాబులు వచ్చాయి. కిందటేడు కమిటీ పేరుతో కాగితాలు పంచితే ఆరు వచ్చాయి, వాటిలో రెండింట్లో కిరాణా సామాన్ల జాబితా ఉంది. ఇప్పుడు చూడు. నెవ్ బరిడ్జ్ కట్టుడు పళ్ల కోసం పడవెక్కాడట. తిరుగు దారిలో తుమ్మితే పైవరుస సముద్రంలో పడింది, మళ్లీ తర్వాతి పడవ ఎక్కాడట. ‘పడవ తీసేస్తే నేను జావ తాగి బతకాలా?’ అని అడుగుతున్నాడు. నాతో వాడు పదకొండేళ్లుగా సమావేశాల్లో తప్ప మాట్లాడలేదు!

మా డల్సీ గేటెన్‌బీ ఉంది కదా, ప్రతి మంగళవారం, శుక్రవారం పాటల బృందానికని వెళ్తుంది. బృందం కాదట. డయాలసిస్‌కట. ‘ఎవరికీ చెప్పలేదు. కమిటీ అడిగితే చెప్పేదాన్ని కాదు. నువ్వు అడిగావు’ అని రాసింది. పక్కింట్లో ముప్పై ఏళ్లుగా ఉంటున్నాను, నాయనా. వచ్చేవారం ఏ పాట పాడుతున్నావని అడుగుతూనే ఉన్నాను.

ఇప్పుడు ఒక్కొక్కరినీ అడుగుతున్నాను, ‘పేరు లేకుండా విచారణలో చదవనా?’ అని. దాదాపు అందరూ సరేనన్నారు. డల్సీ అయితే పేరు పెట్టే చదవమంది.

పనిలో మునిగిన,
వెర్నా

తా.క.: పొరపాటు నీదీ నాదీ సగం సగం. నీ సగానికి నేను కూడా సంతకం పెడతాను.

జూన్ 28

నాయనా ఫెర్గస్,

నిన్నటి సంగతి నీకే ముందు రాస్తున్నాను.

విచారణకు 389 జవాబులు అట్టపెట్టెలో పట్టుకెళ్లాను. బల్ల వెనక ముగ్గురు. మధ్యలో అధ్యక్షురాలు హెస్టర్ క్వేల్. సన్నటి మనిషి, నవ్వదు. ‘మీకు పది నిమిషాలు. అంకెలు చెప్పండి, కథలు వద్దు’ అంది.

‘అంకె 389 అండీ. మిగతాదంతా కథలే’ అన్నాను. డల్సీ ఉత్తరంతో మొదలుపెట్టాను. డల్సీ నా పక్కనే నిలబడి ఉంది. తర్వాత నెవ్ పళ్లు. ఎడమవైపు సభ్యుడు నవ్వు ఆపుకోలేక నీళ్లు తాగాడు.

మూడోది, మా దీవికి ఉత్తర దిక్కున వేసవి ఇల్లున్న ఒకాయన రాసింది. ‘పాతికేళ్ల కిందట పడవలో ఎదురుగా కూర్చున్న అమ్మాయి నా కొత్త బూట్ల మీద వాంతి చేసుకుంది. నా టోపీ ఇచ్చి, మిగతాది ఇందులో కానివ్వండి అన్నాను. ఆమెనే పెళ్లి చేసుకున్నాను. ఆ టోపీ ఇంకా దాచుకున్నాను, ఆవిడకు తెలీదు.’

హెస్టర్ గారు కళ్లజోడు తీసేసింది. మొహం ఉడికించిన పీతలా ఎర్రబడింది.

‘గావిన్ బోస్విక్ రాశాడా అది?’ అంది.

‘పేరు చెప్పనని మాటిచ్చానండీ.’

‘మీరు చెప్పేదేముంది! ఆ బూట్ల మీద కక్కింది నేనే. ఆ టోపీ పారేశానని నాతో ఒట్టేసి చెప్పాడు!’

గదంతా గొల్లుమంది. ఆవిడ మాత్రం కాగితాలు సర్దుకుని లేచి నిలబడింది. ‘మా ఇంటి ఉత్తరం సాక్ష్యంలో ఉంది కాబట్టి నేను ఓటు వేయకూడదు. ఈ ఉత్తరం వినేదాకా మాత్రం నా ఓటు పడవ ఆపడానికే అని ఖాయం. ఇది రాసుకోండి’ అని గుమాస్తాకు చెప్పి, బయటికి వెళ్లి కారిడార్లో బెంచీ మీద కూర్చుంది. మిగిలిన ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఓటుకు నిమిషం కూడా పట్టలేదు. ఫెర్గస్, పడవ ఉంటుంది! చలికాలమంతా! వారానికి ఇప్పటిలా రెండు కాదు, మూడుసార్లు!

సాయంత్రం తిరిగి వస్తుంటే రేవు నిండా జనం. వర్షంలో గొడుగులు కూడా లేవు. కెప్టెన్ హారన్ మీద చెయ్యి పెట్టి ఒడ్డు తగిలేదాకా తీయలేదు. నెవ్ పరిగెత్తుకొచ్చి డల్సీ చేతిలోని అట్టపెట్టె అందుకున్నాడు. డల్సీ మెట్ల మీద ఆగి, అందరి ముందూ గొంతెత్తి పాట అందుకుంది. ఒక్క చరణం కూడా శ్రుతిలో లేదు. అంత గొప్ప పాట నేనెన్నడూ వినలేదు.

ఆనందంతో తడిసి ముద్దైన,
వెర్నా

తా.క.: మూడో పడవ ఏ రోజు కావాలో రాసి పంపమని శాఖ అడిగింది. కొందరు బుధవారం, కొందరు ఆదివారం అని కమిటీ రెండుగా చీలిపోయింది. నెవ్ రెంటినీ వ్యతిరేకించాడు.