మూడో గడి

జూలై 20, ఆదివారం

ఈ రోజు పనులు: అత్తయ్యకు ఒళ్లు తుడిచి పక్క మార్చాను. దుప్పట్లు నాలుగు ఉతికి వసారాలో ఆరేశాను. రెండు కిలోల మినప్పప్పు ఏరి డబ్బాకెత్తాను. వాన తెరిపిచ్చిన గంటలో పెరట్లో కాలువ తీశాను. వంట రెండు పూటలా. ఇక మిగిలింది నీకు ఉత్తరం.

ప్రియమైన పెద్దక్కకు,

నీకు ఫోన్‌లో మాట వినిపించదు కాబట్టి ఉత్తరం రాస్తున్నానని అనుకుంటావు. నీ చెవులు బాగున్నా ఈ సంగతి ఉత్తరంలోనే రాసేదాన్ని. కొట్లో పదిమంది ఉండగా అరిచి చెప్పే విషయం కాదు.

మన వీధికి నీళ్లు వదిలే మాడ నీకు గుర్తుండే ఉంటాడు. నువ్వు జగదల్‌పూర్ నుంచి వచ్చినప్పుడు నీ పెట్టె బస్సు దగ్గర నుంచి సైకిల్ మీద తెచ్చింది అతనే. మార్చి చివర్లో ట్యాంకు దగ్గర మోటారు కాలిపోయింది. డెబ్బై అయిదు రోజులు కుళాయి తిప్పితే గాలి వచ్చింది తప్ప చుక్క నీరు రాలేదు. అత్తయ్య మంచం మీద, నా మోకాళ్ల సంగతి నీకు తెలుసు. బోరింగు దగ్గరికి వెళ్లి రెండు బిందెలు తెచ్చుకునేసరికి కళ్లు బైర్లు కమ్మాయి. మర్నాడు తెల్లారేసరికి గుమ్మంలో ఆరు బిందెలు నిండుగా ఉన్నాయి. మాడ సైకిల్‌కు రెండు వైపులా కట్టుకుని తెచ్చాడు. మనింటికే కాదు, లేవలేని ముసలివాళ్లున్న మరో నాలుగిళ్లకు కూడా. నేను డబ్బు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

"నీళ్లిచ్చుడు నా కొలువు సావుకారమ్మా. నల్లాతోనైతేంది, సైకిల్‌తోనైతేంది" అన్నాడు.

అలాంటి మనిషికి నేనేం చేశానో విను. ఏప్రిల్ ఇరవై మూడున పంచాయతీ నుంచి ఒకతను ఫిర్యాదు కాగితం తెచ్చాడు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. కుళాయికి నీళ్లు రావడం లేదని మొదటి పేజీలో ఉంది, నిజమే కదా అని సంతకం పెట్టాను. కింద ఇంకో పేజీ ఉందని చూడలేదు. కొట్టు చిట్టీల్లో అర్ధరూపాయి తేడా వస్తే నీ మరిదిని అన్నానికి లేవనివ్వని నేను, రెండో పేజీ తిప్పలేదు. మోటారు బాగానే ఉందని, మాడ నిర్లక్ష్యం వల్లే నీళ్లు రావడం లేదని, అతన్ని తీసేయాలని అందులో రాసి ఉంది. మే ఆరున తీసేశారు.

ఇది నాకు మొన్ననే తెలిసింది. రాయ్‌పూర్‌లో విధానసభలో ఎవరో ఎమ్మెల్యే మన వైపు నీళ్ల పథకాల మీద ప్రశ్న వేశారట: ఎన్ని కుళాయిలు పెట్టారు, ఎంత ఖర్చు పెట్టారు, ఎన్ని రోజులు నీళ్లిచ్చారు అని. రోజూ రెండు పూటలా ఇస్తున్నామని, మన వీధిలో మాత్రం ఆపరేటర్ నిర్లక్ష్యం వల్ల ఇబ్బంది కలిగిందని, ప్రజల ఫిర్యాదు మీదే అతన్ని తొలగించామని జవాబిచ్చారు. అడిగిన సభ్యుడు ఒప్పుకోకపోతే, వెళ్లి చూసి రమ్మని ఎమ్మెల్యేల కమిటీని వేశారు. ఆగస్టు నాలుగున మన బడికి వస్తారట. ఫిర్యాదు చేసినవాళ్లంతా రావాలని పంచాయతీ సెక్రటరీ నోటీసు ఇచ్చి వెళ్లాడు. దానితోపాటు ఆ జవాబు నకలు, నా సంతకమున్న కాగితం నకలు కూడా ఉన్నాయి. అది నా సంతకమే, మంగాదేవి అని గుండ్రటి అక్షరాలతో.

ఉద్యోగం పోయాక కూడా మాడ నెలపైన మనకు నీళ్లు తెచ్చాడు, అక్కా. ఆ నీళ్లతోనే నేను వండాను, అత్తయ్యకు స్నానం చేయించాను. తీసేసిన మాట కూడా అతను చెప్పలేదు.

నా దగ్గర సాక్ష్యం ఉంది. పెళ్లయి వచ్చేటప్పుడు నువ్వు గీసి ఇచ్చిన పద్ధతిలోనే ఇప్పటికీ పుస్తకం రాస్తున్నాను. ఏం వచ్చింది, ఎంత వచ్చింది, ఎక్కడి నుంచి వచ్చింది, మూడు గడులు. నాన్న కొట్లో నియమం ప్రకారం 'లేదు' అన్న మాట అందులో ఎక్కడా రాయను. ఆ పుస్తకం తీసుకెళ్లాలని ఉంది. నీ మరిది మాత్రం వద్దంటున్నారు. ఆ పథకం కాంట్రాక్టరు తన కూలీలకు నెలనెలా మన కొట్టు నుంచే సరుకు తీసుకెళతాడు. "ఆయన ఖాతా పోతే నీ పుస్తకం తిందామా?" అన్నారు. ఆయన భయం అబద్ధం కాదు.

ఏం చేయమంటావో రెండు ముక్కలు రాయి.

నీ చెల్లెలు,
మంగ


ఆగస్టు 5, మంగళవారం

ఈ రోజు పనులు: నిన్నటివి, ఇవాళ్టివి కలిపి చేశాను. అంట్లు రెండు రోజులవి. అత్తయ్య చీరలు మూడు. కారం దంపించి జల్లించాను. మధ్యాహ్నం గంట నిద్రపోయాను, అది కూడా రాస్తున్నాను.

ప్రియమైన పెద్దక్కకు,

నీ కార్డు శుక్రవారం అందింది. ఏం చేయమంటావని రెండు కాగితాల నిండా అడిగితే నువ్వు రాసింది రెండే వాక్యాలు. "పుస్తకం నువ్వే చదువు. ఎవరి చేతికీ ఇవ్వకు." ఆ రెండో వాక్యం లేకపోతే నిన్న పుస్తకం నా చేతిలోంచి పోయేదే. నీకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

బడిలో అయిదో తరగతి గదిలో బల్లలు కలిపి వేశారు. ముగ్గురు ఎమ్మెల్యేలు వచ్చారు. మధ్యలో కూర్చున్నావిడ అధ్యక్షురాలు. నేత చీర, కళ్లజోడుకి తాడు. ఒక పక్కన నీళ్ల పథకం ఇంజనీరు ఫైళ్లతో కూర్చున్నాడు. వెనక గోడ దగ్గర మాడ, అతని భార్య జోగే నిలబడ్డారు. కూర్చోమని ఎవరూ అనలేదు. మాటలన్నీ హిందీలోనే జరిగాయి, నీకు మన మాటల్లో రాస్తున్నాను.

నా వంతు రాగానే పుస్తకం తెచ్చానని చెప్పాను. ఇంజనీరు చెయ్యి చాపాడు. నీ కార్డు గుర్తొచ్చింది. "తెలుగులో ఉంది సాబ్, నేనే చదువుతాను" అన్నాను. సరే అని అతనే తేదీలు అడగడం మొదలుపెట్టాడు.

"ఏప్రిల్ పదకొండు?"

"ఆరు బిందెలు."

"పన్నెండు?"

"ఎనిమిది."

"మే ఇరవై?"

"ఆరు."

"మేడమ్, నీళ్లు లేవని రాసిన రోజు ఒక్కటి చూపించండి."

పేజీలు తిప్పాను, అక్కా. ఒక్కటి కూడా లేదు. ముప్పై ఏళ్లుగా 'లేదు' అని రాయని పుస్తకంలో ఆ మాట ఎక్కడి నుంచి వస్తుంది? అతను కమిటీ వైపు తిరిగి, "ఇదే మా జవాబు. ఫిర్యాదు చేసిన ఇంట్లోనే ఒక్క రోజు కూడా నీళ్లు ఆగలేదు. అంటే మోటారు బాగానే ఉంది, తప్పంతా ఆపరేటర్‌దే" అన్నాడు. వెనక ఎవరో నవ్వారు. మాడను కాపాడదామని వెళ్లి, నా చేత్తోనే రెండోసారి అతన్ని ముంచేశాననుకున్నాను.

అధ్యక్షురాలు కళ్లజోడు పెట్టుకుని నా పుస్తకం వైపు వంగి చూశారు. "మూడు గడులు గీశారు. మీరు రెండే చదివారు. మూడో దాంట్లో ఏముంది?" అని అడిగారు.

"ఎక్కడి నుంచి వచ్చిందీ అని."

"అది కూడా చదవండి."

చదివాను. ఏప్రిల్ పదకొండు, ఆరు బిందెలు, మాడ, బోరింగు. పన్నెండు, ఎనిమిది బిందెలు, మాడ, బోరింగు. పదమూడు, ఆరు, మాడ, వాగు. మాడ, మాడ, మాడ అని చదువుతూనే ఉన్నాను. మే నెలలోకి వచ్చేసరికి ఆవిడ ఆపారు.

"ఈ మాడ ఎవరు?"

ఇంజనీరే, "తొలగించిన ఆపరేటర్, మేడమ్" అన్నాడు.

"నీళ్లివ్వలేదని తొలగించిన మనిషా?"

ఆవిడ నన్ను మళ్లీ అడిగారు. "ఈ బోరింగు రాతలకు ముందు మూడో గడిలో కుళాయి అని చివరిసారి ఎప్పుడు రాశారు?"

"మార్చి ఇరవై ఏడు. మళ్లీ జూన్ పదకొండున రాశాను."

ఆవిడ పక్కనున్న సభ్యుడు ఒక బిల్లు తీసి బల్ల మీద పెట్టారు. కొత్త మోటారు ఏప్రిల్ అయిదున బిగించామని, డబ్బు చెల్లించామని అందులో ఉంది. "మోటారు ఏప్రిల్‌లో వస్తే కుళాయి జూన్ దాకా ఎందుకు ఆగింది? రాతపూర్వకంగా చెప్పండి" అన్నారు. ఇంజనీరు నీళ్ల సీసా మూత తీసి, తాగకుండానే మళ్లీ పెట్టేశాడు.

ఆ తరువాత మాడను ముందుకు పిలిచి కుర్చీ వేయించారు. "మోటారు కాలిందని ఎవరికైనా చెప్పావా?" అని అడిగితే, "పోయి మూడుసార్లు చెప్పిన. రాసియ్యమన్నరు. నాకు రాయరాదు. మోటరే లేంది నేను నడపలేదని పేరొచ్చింది" అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

అప్పుడు నేను లేచాను. ఫిర్యాదులో సంతకం నాదేనని, మొదటి పేజీయే చదివానని, రెండో పేజీ చూడకపోవడం నా తప్పేనని, నా పేరు కొట్టేయమని అడిగాను. పెట్టిన సంతకాన్ని కొట్టేసే వీలు లేదని, ఇప్పుడు చెప్పింది రాసి దాని కింద సంతకం పెట్టవచ్చని అధ్యక్షురాలు అన్నారు. రాశాను. పెట్టే ముందు రెండువైపులా తిప్పి చూశాను. ఆవిడ నవ్వారు.

నీ మరిది బడి కిటికీ దగ్గర నిలబడి అంతా విన్నారు. కాంట్రాక్టరు మనిషి సాయంత్రమే వచ్చి లెక్క ముగించుకుని వెళ్లాడట. రాత్రి అన్నం దగ్గర, "నెల ఖాతా ఒకటి పోయింది. పోనీలే. నువ్వు మాడ పేరు చదువుతుంటే నాకే సిగ్గేసింది, ఆ నీళ్లు నేనూ తాగాను" అన్నారు. అంతకన్నా నాకేం కావాలి.

నీ చెల్లెలు,
మంగ


సెప్టెంబరు 12, శుక్రవారం

ఈ రోజు పనులు: కుళాయి వచ్చింది, ఉదయం పద్నాలుగు బిందెలు. అత్తయ్యకు తలంటు పోశాను. బియ్యం పురుగు లేకుండా ఎండబెట్టాను. గారెలు ముప్పై, అందులో పన్నెండు మాడ ఇంటికి.

ప్రియమైన పెద్దక్కకు,

మాడను మళ్లీ పనిలోకి తీసుకున్నట్టు సోమవారం కాగితం వచ్చింది. మోటారు బిల్లు సంగతి కమిటీ నివేదికలో రాస్తారట, చలికాలం సమావేశాల్లో చర్చకు వస్తుందట. అక్కడేం తేలుతుందో నాకు తెలియదు. ఎక్కడో రాయ్‌పూర్‌లో కూర్చునేవాళ్లు మన అయిదో తరగతి గదికి వచ్చి, ఒక ఇల్లాలి మూడో గడి దాకా చదివించుకున్నారు. అందుకు ఆవిడకు మనసులో రోజూ దండం పెడుతున్నాను. గడులు గీసి ఇచ్చిన నీకు కూడా.

ఇవాళ గారెలు పట్టుకుని నేనే వాళ్లింటికి వెళ్లాను. కమిటీ ముందు ఒప్పుకున్నా, ఆ సంతకం సంగతి అతనితో నా నోటితో చెప్పడం ఇంకా మిగిలే ఉంది. మొదలుపెట్టగానే మాడ ఆపేశాడు.

"నాకు ఎప్పుడో ఎరుకే సావుకారమ్మా. తీసేసిననాడే ఆ కాగితం నాకు చూపిచ్చిన్రు. చదువు రాకుంటే ఏంది, నీ సంతకం కొట్టు చిట్టీ మీద నెలనెలా చూస్తనే ఉంట."

"తెలిసీ నీళ్లు తెచ్చావా?"

జోగే అందుకుంది. "కోపమొచ్చింది ఈయనకు గాదు, నాకు. రెండ్రోజులు మీ బిందెలు ఇంటెనక బోర్లేసి పెట్టిన. ముసలమ్మ గురించని మూడోనాడు ఈయనే నింపిండు."

ఇంటికి వచ్చి పుస్తకం తిప్పాను. మే ఏడు, రెండు బిందెలు, నేనే, బోరింగు. మే ఎనిమిది, రెండు బిందెలు, నేనే, బోరింగు. ఆ రెండు రోజులు మాడ ఎందుకు రాలేదా అని అప్పుడు అనుకున్నాను, అడగలేదు. వచ్చేటప్పుడు జోగే గిన్నె ఖాళీగా పంపకుండా అందులో ఎండబెట్టిన ఇప్పపువ్వు పోసింది. "రెండ్రోజుల నీళ్లకు ఇది" అంది. అందరం నవ్వాం, మాడ అందరికంటే ఎక్కువ. "బడిల నువ్వు పెట్టిన సంతకం నాకు ముట్టింది సావుకారమ్మా" అన్నాడు.

ఈ రోజు పుస్తకంలో రాసిన ఆఖరి వరుస నీకు ఉన్నదున్నట్టు కింద ఎత్తి రాస్తున్నాను.

నీ చెల్లెలు,
మంగ

మాడ పేర నా బాకీ: సంతకం ఒకటి. ఆగస్టు నాలుగున బడిలో పెట్టాను. ముట్టిందని ఈ రోజు అతని నోట విన్నాను. చెల్లు.