ఎడమ చెవి సంగతి

డాక్టరమ్మగారికి నమస్కారాలు.

పోయిన నెల మా ఆవిడ కన్నుమూశాక, ఆమె కోరిక ప్రకారమే మీ ల్యాబు వాళ్ళు పరిశోధన కోసం ఆమె లోపలి చెవి ఎముకలు తీసుకెళ్ళారు. అందుకే ఈ సంగతి మీకు తెలియాలి.

ఆవిడకు ఎడమ చెవి కొంచెం వినపడుతుందని మీ పరీక్షలో తేలింది కదా. అది నిజం కాదేమో. "ఆ గాజు గదిలో నాకేం వినపడితేగా! బయట పరీక్ష చేసే ఆ పిల్ల చెయ్యి కదిలినప్పుడల్లా, శబ్దం వినపడినట్టు బటన్ నొక్కానండీ. పాపం, అంతసేపు కష్టపడుతుంటే ఉసూరుమనిపించడం ఎందుకని," అని తర్వాత చెప్పి నవ్వింది. నేను వేళాకోళమనుకున్నాను.

నాకూ ఒకటి తెలియాలి. నేను మాటకారిని కాను. ఆఖరి రోజున మంచం పక్కన కూర్చుని, ఆ ఎడమ చెవి దగ్గరే, "నువ్వు దొరకడం నా అదృష్టం" అన్నాను. ఇన్నేళ్ళ కాపురంలో ఎప్పుడూ అనలేదు. ఆవిడ తలూపింది. కానీ వినపడకపోయినా తలూపడం ఆవిడకు అలవాటే.

మీరు ఎముకను పెద్దగా చేసి చూస్తారట. ఆ చెవికి మాట అందే వీలుందో లేదో చూసి రాయండి. లేదనే తేలితే నా దగ్గర దాచకండి. ఆ మాట నేను ఒక్కసారే అన్నానమ్మా, అదీ మెల్లగా.

ఆవిడ తాలూకు మనిషిని